కాగితం మీద రెండో గుట్ట

నారాయణఖేడ్‌లో యూనివర్సిటీ వాళ్లు ఆ సెంటర్ ఎందుకు పెట్టారో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడు ఆలోచించినా సరిగా అర్థం కాదు. వెనుకబడిన ప్రాంతమని ఎవరో ఏదో ఫైలు మీద రాసి ఉంటారు. ఎనభైల నడుమ సంగతి. బస్టాండుకు అవతల ఖాళీగా పడి ఉన్న పత్తి గోదాముకు సున్నం కొట్టించి 'విశ్లేషణ రసాయన శాస్త్రంలో పదార్థాలను వేరుచేసే పద్ధతుల పరిశోధన, శిక్షణ కేంద్రం' అని బోర్డు పెట్టారు. బోర్డు రాసినాయన మొదటి సగం ఏనుగంత అక్షరాలతో రాసి, చోటు చాలక మిగతా సగాన్ని మూలకు ఇరికించాడు. దూరం నుంచి చూస్తే మేము దేనికి కేంద్రమో ఎవరికీ తెలిసేది కాదు. దగ్గరికొచ్చి చదివినా తెలిసేది కాదనుకోండి.

నేను అదే ఊరి పిల్లను. హైదరాబాద్‌లో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి వచ్చాను కాబట్టి టెక్నికల్ అసిస్టెంట్‌గా తీసుకున్నారు, అదీ టెంపరరీ. మా సార్ పెద్ద ప్రొఫెసర్. వారానికి రెండు రోజులు హైదరాబాద్ నుంచి జీపులో వచ్చేవాడు. మిగతా రోజులు గోదాములో నేనూ, గుమాస్తా, గాజు సామాను కడిగే పెద్దమ్మ. అంతే మా బలగం.

లారీలో నైట్రోజన్, హైడ్రోజన్ సిలిండర్లు దిగిన రోజే ఊరంతా గ్యాస్ ఏజెన్సీ వచ్చిందని పుకారు లేచింది. కల్హేర్ నుంచి ఒకాయన పెండ్లి కార్డు పట్టుకొని వచ్చి, "ఇంట్ల పెండ్లున్నదమ్మా, ఒక్కటంటే ఒక్క సిలిండర్ జల్దీ ఇప్పియ్యి," అని బతిమాలాడు. ఇది వంట గ్యాస్ కాదని చెబితే, "ఎక్కువిస్తే అయితదా?" అన్నాడు. నాగల్‌గిద్ద నుంచి ఇంకొకాయన సీసాలో పాలు తెచ్చి, అందులో నీళ్లెన్నో తేల్చి చెప్పమని అరుగు మీద కూర్చున్నాడు. మా యంత్రం అట్లాంటి పని చెయ్యదంటే, "మరేం చేస్తది?" అని అడిగాడు. నాకు కోపం వచ్చింది. ఆయనకు రెండు మాటల్లో చెప్పలేకపోయినందుకు నా మీద నాకే వచ్చిన కోపం అది.

ఇప్పుడైతే చెప్పగలను. బీరువా అంత యంత్రం అది. సన్నటి సూది ఉన్న సిరంజితో ఒక్క చుక్క ద్రవాన్ని తీసుకొని, యంత్రానికి ఉన్న రబ్బరు బిళ్లలో గుచ్చి లోపలికి వదలాలి. అది ఆవిరై పొడుగాటి గొట్టంలో ప్రయాణిస్తూ, అందులో ఏమేమి కలిసి ఉన్నాయో అవన్నీ ఒకదాని వెనుక ఒకటి విడివిడిగా బయటికొస్తాయి. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా పక్కనున్న పెన్ను కదిలే కాగితం మీద ఒక గుట్ట గీస్తుంది. ఒకే పదార్థమైతే ఒకటే గుట్ట. రెండు కలిసి ఉంటే రెండు.

మొదటిసారి పరీక్షకు సార్ స్వచ్ఛమైన ద్రావకం ఇచ్చాడు. ఒక్క గుట్ట రావాలి. రెండు వచ్చాయి. మళ్లీ చేశాం, మళ్లీ రెండే. సీసా మార్చాం, గొట్టం మార్చాం, కరెంటు పోయి వచ్చాక ఇంకోసారి చేశాం. ఆ రెండో గుట్ట చిన్నగా, నింపాదిగా, పిలవని పేరంటాలిలాగా వచ్చి కూర్చునేది. సార్‌కు చేతులు వణుకుతాయి కాబట్టి సూది గుచ్చే పని నాదే. ఆయన చూపెప్పుడూ పెన్ను మీదే. నాకు తల తిరిగిపోయేది. ఎమ్మెస్సీలో చదివిందంతా అబద్ధమేమోనని కూడా అనిపించింది.

ప్రారంభోత్సవం పదిహేను రోజుల్లో ఉంది. వైస్ చాన్సలర్ వస్తాడు, ఆయన ముందు యంత్రం నడిపి చూపాలి, మర్నాటి నుంచి మొదటి బ్యాచ్‌కు శిక్షణ. సార్ పరేషాన్ అయిపోయాడు.

"గాజు సామాను ఎవరు కడుగుతున్నారమ్మా?" అన్నాడు ఒకరోజు.

"పెద్దమ్మ, సార్," అన్నాను.

అంతే అన్నాను. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆయన గుమాస్తాను పిలిచి, రేపటి నుంచి వేరే మనిషిని చూడమన్నాడు.

పెద్దమ్మ రోజుకూలి మనిషి. కంగ్టి దగ్గర వాళ్లకున్న చెలకలో వానపడితేనే కందులు. మొగుడు పని కోసం పట్నం పోయి ఎప్పుడొస్తాడో తెలియదు. ఈ కూలి మీదే ఇల్లు గడిచేది. ఆమె ఒక్కొక్క సీసాను మూడుసార్లు కడిగి, వెలుగుకు ఎత్తి చూసి, ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసి గాని బోర్లించేది కాదు. ఒకసారి నాతో అన్నది కూడా:

"బిడ్డా, నువ్వు సూది ముంచే గీ చిన్న సీసలల్ల కర్పూరం వాసనొస్తుందే."

నేను నవ్వాను. "ఈడ కర్పూరమేడిది పెద్దమ్మా? నువ్వేమో చర్చికి పోతవ్, నీకు కర్పూరం వాసనెట్ల తెలుస్తది?"

"మా ఇంట్ల ఉండది గనుకనే తెలుస్తుంది," అన్నది.

ఆ మాట నేను గాలికొదిలేశాను.

కొత్త మనిషి వచ్చాడు. రెండో గుట్ట మాత్రం ఎక్కడికీ పోలేదు. అంటే తప్పు పెద్దమ్మది కాదు. మరెవరిది? ఆ ఆదివారం ఏమీ తోచక ఆమె ఇంటికి పోయాను. ఎందుకు పోయానో కూడా సరిగా తెలియదు, మనసు గుంజింది. ఆమె వాకిట్లో పాత చీరలు పరిచి బొంత కుడుతోంది. నన్ను చూసి లేవబోయింది, నేనే పక్కన కూలబడ్డాను. ఆమె రెండు కుట్లు వేసి, సూదిని పాపిట పక్కన నెత్తికి రాసుకొని, మళ్లీ గుచ్చింది. మందపాటి బొంతలో సూది సాఫీగా దిగాలంటే ఆడవాళ్లందరూ అట్లాగే చేస్తారు. నెత్తి నూనె అంటితే సూది మొరాయించదు. మా అమ్మ చేస్తుంది. నేనూ చిన్నప్పటి నుంచి అట్లాగే కుట్టాను.

నేను గుడ్లప్పగించి చూస్తుంటే ఆమె నవ్వింది.

"ఏందట్ల జూస్తున్నవ్? నువ్వు గుడ ఆడ గిట్లనే రాస్తవ్ గద. గా మిషిన్ సూదికి గుడ నూనె గావాలెనేమో అనుకున్న."

నాకు తెలియకుండానే నా చెయ్యి ఆ పని చేస్తోంది! రబ్బరు గట్టిగా ఉంటుంది, సూది దిగదు, చెయ్యి దానంతట అదే నెత్తి మీదికి పోతోంది. ల్యాబు వాసనలకు నాకు తలనొప్పి వస్తోందని మా అమ్మ కొబ్బరినూనెలో కర్పూరం వేసి, ఎండకు పెట్టి, రోజూ పొద్దున మాడుకు పట్టించేది. ఆ వాసనలోనే తిరిగే నాకు దాని వాసన తెలియలేదు. కర్పూరం లేని ఇంట్లో ఉండే ఆమెకు తెలిసింది.

"పెద్దమ్మా, తప్పు నాదే," అన్నాను.

"అయితే సార్‌కు చెప్తవా?" అన్నది. ఆమె కళ్లల్లో ఆశ కనబడింది.

"చెప్త," అన్నాను.

మర్నాడు కుంకుడుకాయలతో తల రుద్దుకొని, సూదిని కడిగి, చేతిని అదుపులో పెట్టుకొని గుచ్చాను. ఒకటే గుట్ట. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సార్ కాగితం చూసి పొంగిపోయాడు. "చూశావా, పాత మనిషి సరిగా కడగక మిగిలిన మురికి గొట్టంలో పేరుకుపోయి ఉంటుంది. పోవడానికి ఇన్నాళ్లు పట్టింది," అన్నాడు. నేను నోరు తెరిచాను. మూసుకున్నాను. ఎమ్మెస్సీ చదివిన పిల్ల కొలిచే సూదిని జుట్టుకు రాసుకుందని తెలిస్తే టెంపరరీ ఉద్యోగం ఎంతసేపు? భయం. అంతకంటే ఎక్కువ సిగ్గు.

ప్రారంభోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. యంత్రానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. వైస్ చాన్సలర్ ముందు పెన్ను చక్కగా ఒక్క గుట్ట గీసింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఏం జరిగిందో ఆయనకు అర్థమైందని నేననుకోను. బయటికొస్తే గేటు దగ్గర పెద్దమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకొని నిలబడి ఉంది.

"మిషిన్ మంచిగైందా బిడ్డా?"

"అయింది పెద్దమ్మా."

"సార్‌కు చెప్పినవా?"

"చెప్పిన," అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

"అయితే ఇగ రేపటి సంది రావాల్నా?"

లోపలి నుంచి సార్ పిలుస్తున్నాడు. నేను తలూపి లోపలికి పోయాను.

మర్నాడు తొమ్మిదింటికే ఆమె వచ్చింది. మొదటి బ్యాచ్ వాళ్లు యంత్రం చుట్టూ నిలబడి ఉండగా, కొంగు నడుముకు చెక్కుకొని గాజు సామాను బుట్ట ఎత్తుకోబోయింది. కొత్త మనిషి అడ్డం వచ్చాడు. సార్ కళ్లద్దాలు పైకి జరిపి, "ఈమెను ఎవరు రమ్మన్నారు?" అన్నాడు. ఆమె నా దిక్కు చూసింది. ఇంకెవరి దిక్కూ చూడలేదు.

అప్పుడిక తప్పించుకోవడానికి నాకు చోటు లేకపోయింది. "నేనే రమ్మన్నాను సార్. ఆ రెండో గుట్ట ఈమెది కాదు, నాది," అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. సిరంజి తీసి, ద్రావకం పీల్చి, అందరూ చూస్తుండగా సూదిని, పొద్దున మా అమ్మ మళ్లీ నూనె పట్టించిన నా నెత్తికి రాసి గుచ్చాను. ఒక గుట్ట వచ్చింది. తర్వాత నింపాదిగా రెండోది లేచింది. సార్ కాగితాన్ని చూశాడు. తర్వాత నా తలను చూశాడు. తిట్టలేదు. "నువ్వు రేపటి నుంచి తలకు గుడ్డ కట్టుకో," అని, గుమాస్తాను పిలిచి పెద్దమ్మ పేరు మళ్లీ రాయమన్నాడు. కొత్త మనిషికి సిలిండర్ల పని చెప్పాడు.

పెద్దమ్మ బుట్ట చంకకు ఎత్తుకొని నా పక్కగా పోతూ ఆగింది.

"నిన్న చెప్పినన్నవ్ గద," అన్నది మెల్లగా.

ఆమె నల్లా దగ్గరికి పోయి సీసాలు కడగడం మొదలుపెట్టింది.

తర్వాత ఏడేళ్లు మేమిద్దరం ఆ గోదాములోనే పనిచేశాం. ఒక్కనాడు కూడా ఆమె నన్ను పల్లెత్తు మాట అనలేదు. పండక్కి మా ఇంటికి కేకులు కూడా పంపేది. కానీ ఆ రోజు నుంచి ఆమె నన్ను బిడ్డా అని పిలవలేదు. మేడమ్ అనే పిలిచింది.