ఇస్మాయిల్ భాయ్ చెవి

గద్వాలలో నా స్పేర్ పార్టుల దుకాణానికీ ఇస్మాయిల్ భాయ్ మెకానిక్ షెడ్డుకీ మధ్య ఒక్క రేకు గోడే అడ్డం. ఆయన ఫోన్ మాటలన్నీ నాకు వినిపించేవి. వినకూడదనే అనుకునేవాణ్ని. రేకు ఒప్పుకునేది కాదు.

మాటలు అన్నానా? తప్పు. అవతలి మనిషి మాట్లాడేది రెండు ముక్కలే. "భాయ్, బండి వేడెక్కుతుంది. జర ఇను." అంతటితో ఫోన్ తీసుకెళ్లి ఇంజన్ పక్కన పెట్టేవాడు. కాలువలు తవ్వే ప్రొక్లెయిన్లు, క్వారీ లోడర్లు, రోడ్డు రోలర్లు. నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఒకటి, వనపర్తి వైపు నుంచి ఒకటి, రోజుకు పదికి తక్కువ కాకుండా యంత్రాలు ఆయన చెవిలో అరిచేవి. భాయ్ కళ్లు మూసుకుని వినేవాడు. "ఫ్యాన్ రెక్క వంగి డబ్బాకు తగుల్తుంది, చూడు" అనేవాడు. లేదంటే, "ఫ్యాన్ బేరింగు పోయింది, మార్చు." అటువైపు ఫోన్ టక్కున పెట్టేసేవారు. జబ్బేదో తెలిశాక డాక్టరుతో పనేముంది?

భార్య సాబిరా పోయి రెండేళ్లు. కూతురు అల్ఫియాను రాయచూరుకిచ్చారు. శుక్రవారం నమాజు వేళ దాటాక ఫోన్ చేస్తుంది. మిగతా ఆరు రోజులూ ఆయన ఫోన్ మోగుతూనే ఉండేది గానీ, తిన్నావా అని అడిగే గొంతు ఒక్కటీ అందులో ఉండేది కాదు.

పోయిన చలికాలం నుంచి నాకో అనుమానం మొదలైంది. భాయ్ ఫోన్‌ను స్పీకర్లో పెట్టి, చప్పుడంతా పెంచి, దాన్ని మళ్లీ చెవికి ఆనించుకుంటున్నాడు. బేరింగు పోయిందని ఆయన చెబితే నా దగ్గర బేరింగు కొనుక్కుపోయినవాళ్లు, మర్నాడు మొహం ముడుచుకుని బెల్టు కోసం వస్తున్నారు. ఒకరోజు నేను కాస్త తుంటరిగా, మామూలు గొంతుతోనే, "భాయ్, గడ్డానికి గ్రీజు అంటింది" అన్నాను. ఆయన చిరునవ్వు నవ్వి, "అంతా అల్లా దయ" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వినందుకు సిగ్గేసింది. సాయంత్రం దాకా ఆ గ్రీజు అట్లాగే ఉంది, ఎవరూ చెప్పలేదు.

ఆ వారంలోనే మానవపాడు నుంచి యేసుబాబు ఫోన్ చేశాడు. యేసుబాబుది అచ్చంపేట, వయసు నలభై దాటింది. పత్తి చేల మధ్య కాలువ వెడల్పు చేసే పనిలో ప్రొక్లెయిన్ నడుపుతాడు. బండి పక్కనే గుడారం వేసుకుని ఒక్కడే ఉంటాడు.

"భాయ్, వేడి సూపే సూది ఎర్ర గీత మీదికి పోతుంది. ఇను" అని ఫోన్ ఇంజన్ దగ్గర పెట్టాడు.

రేకు గోడకు ఇవతల కూర్చున్న నాకు ఆ కీచు స్పష్టంగా వినిపించింది. పలక మీద మేకు గీసినట్టు పళ్లు పులిశాయి. భాయ్ మాత్రం తాపీగా, "ఫ్యాన్ సప్పుడు సాఫ్‌గ ఉంది. రేడియేటర్ల పత్తి దూది ఇరికింది, కడుగు" అన్నాడు.

కడిగినా సూది పైకే పోయింది. మర్నాడు థర్మోస్టాట్ పీకెయ్యమన్నాడు. పీకేసినా అంతే. మూడోసారి యేసుబాబు గొంతు మారింది.

"కాంట్రాక్టరు కర్నూలు నుంచి వేరే మేస్త్రిని తెస్త అంటుండు భాయ్. ఇస్మాయిల్ పని అయిపోయింది అని ఎక్కిరిస్తుండు. రేపొకసారి నువ్వే వచ్చి చూడు. నా మాట నిలబెట్టు."

భాయ్ ఫోన్ పెట్టి చాలాసేపు షెడ్డులోనే కూర్చున్నాడు. ఆయనకున్న ఆస్తి ఆ చెవి ఒక్కటే. అది పోయిందని తెలిస్తే ఆ యంత్రాలు కూడా ఆయన్ని పిలవవు.

పొద్దున నా బండి మీద తీసుకెళ్లాను. నాకూ అటు పనుందని అబద్ధమాడాను. సంచిలో అడగకుండానే ఒక ఫ్యాన్ బెల్టు వేసుకున్నాను.

మేం వెళ్లేసరికి యేసుబాబు ఇంజన్ మూత ఎత్తి పెట్టి ఉంచాడు. బండి స్టార్ట్ చేసి వేగం పెంచగానే కీచు మొదలైంది. కాలువ గట్టు మీది కొంగలు లేచిపోయాయి. భాయ్ పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఫ్యాన్ బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చూడ్డానికి వెనకటిలాగే ఉన్నాడు.

"కొంగలు సుత పారిపోయినయి. ఏంది భాయ్ గిది, బెల్టా, బేరింగా?" అని అరిచి అడిగాడు యేసుబాబు.

"బేరింగే."

యేసుబాబు నీళ్ల సీసా తీశాడు. బెల్టు మీద కాసిని నీళ్లు చిలకరించినప్పుడు కీచు ఆగితే లోపం బెల్టుది, ఆగకపోతే బేరింగుది. ఆ కిటుకు ఒకప్పుడు అతనికి నేర్పింది భాయే. దూరం నుంచే సీసా నొక్కి, బెల్టు మీదికి నీళ్లు చిమ్మాడు.

కీచు ఠక్కున ఆగిపోయింది.

తుంపర్లు చేతి మీద పడ్డా భాయ్ కళ్లు తెరవలేదు. "సూడు, నీళ్లు పడ్డా మొత్తుకుంటనే ఉంది. నేను చెప్పలే, బేరింగే" అన్నాడు.

నేను నేల చూశాను. యేసుబాబు నన్ను చూశాడు. తర్వాత భాయ్ భుజం తట్టి, చెవి దగ్గరకు వంగాడు.

"భాయ్, ఆగింది."

"ఏంది, ఇంజనా?"

"ఇంజన్ నడుస్తనే ఉంది. కీసుమనుడు ఆగింది."

భాయ్ స్క్రూడ్రైవర్ దించాడు. యేసుబాబు ఎక్కి ఇంజన్ బంద్ చేశాడు. భాయ్ వంగి బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కాడు. కొద్దిగా దిగాల్సింది రెండు వేళ్ల మందం దిగింది. లోపలి అంచు తడిమి చూశాడు. అరిగి నున్నగా అయింది.

"జారుతుంది. ఫ్యాన్ సగం వేగంతోనే తిరుగుతుంది, అందుకే వేడి" అన్నాడు. చెవి చెప్పనిది వేలు చెప్పింది.

నేను సంచిలోంచి బెల్టు తీశాను. భాయ్ దాని వైపూ నా వైపూ చూశాడు.

"నీకు ముందే ఎరుకనా?"

"అవు భాయ్."

"చెప్పకపోతివి."

నేను బెల్టు ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని వేసి బిగించాడు. బండి నడుస్తుండగా తన రుమాలు తీసి రేడియేటర్ జాలీకి ఆనించాడు. ఫ్యాన్ లాగే గాలికి రుమాలు అంటుకుని నిలబడింది. యేసుబాబు గంటసేపు ఆపకుండా తవ్వాడు. సూది మధ్యలోంచి కదల్లేదు.

మధ్యాహ్నం గుడారం నీడలో యేసుబాబు వండిన జొన్నరొట్టె, పుంటికూర తిన్నాం.

"ఎప్పటి సంది భాయ్?" అని అడిగాడు యేసుబాబు.

"తెల్వదు. సాబిరా పోయినంక ఇంట్ల సప్పుడే లేదు. కుక్కర్ కూత లేదు, పొద్దుగాల పిచ్చుకలు లేవు. మనిషి పోతే ఇల్లు గిట్లనే ఉంటదేమో అనుకున్న." రొట్టె ముక్క తుంచి చేతిలోనే పట్టుకున్నాడు. "పిచ్చుకలు ఉన్నయేమో మరి."

యేసుబాబు ఆయన పళ్లెంలో ఇంకో రొట్టె వేశాడు.

"అందరికి చెప్తవా?" అన్నాడు భాయ్.

"చెప్పక? నీ ఫోన్ ఖరాబైంది, ఇంజన్ సప్పుడు అందుతలేదు, ఏదున్నా నోటితోటే చెప్పుండ్రి అని చెప్త."

చెప్పాడు. ఆపరేటర్ల నోట్లో మాట మూడు జిల్లాలూ తిరగడానికి రెండు రోజులు చాలు. ఇప్పుడు రేకు గోడ అవతల నుంచి వినిపించేవి వేరు.

"మేకపిల్ల అరిసినట్టు అరుస్తుంది భాయ్."

"ఆకలికి అరిసినట్టా, తల్లి తప్పిపోయినట్టా?"

"రెంటికి ఫరక్ ఏంది?"

"ఆకలైతే ఎడతెగకుండ అరుస్తది, అది బేరింగు. తప్పిపోతే ఆగి ఆగి అరుస్తది, అది బెల్టు. నీళ్లు సల్లి చూడు."

గోపాల్‌పేట నుంచి ఒకాయన తన బండి చప్పుడు వాళ్ల అత్త పళ్లు నూరినట్టుందని చెప్పబోయి, అత్త కథ మొత్తం చెప్పాడు. భాయ్ చివరిదాకా విన్నాడు. వినపడనివి రెండోసారి చెప్పించుకున్నాడు. ఇంతకీ అక్కడ లోపం ఫ్యాన్‌ది కాదు, రేడియేటర్‌లో నీళ్లే లేవు. అల్ఫియా వచ్చే నెల రాయచూరు దవాఖానలో చెవి చూపిస్తానంది. సరేనన్నాడు గానీ, తేదీ మాత్రం చెప్పడం లేదు.

మొన్న పొద్దుగూకే వేళ, ఆయన షెడ్డులో మరిచిపోయిన తాళంచెవి ఇద్దామని ఇంటికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. రెండుసార్లు పిలిచాను. వంటగదిలో భాయ్ పొయ్యి ముందు ముక్కాలిపీట మీద కూర్చుని, చెయ్యి బారజాపి, స్పీకర్లో పెట్టిన ఫోన్‌ను కుక్కర్ దగ్గర పట్టుకుని ఉన్నాడు. అచ్చం ఆపరేటర్లు ఇంజన్ దగ్గర పట్టుకున్నట్టే. కుక్కర్ కూసింది.

"రెండు" అంది ఫోన్‌లోంచి యేసుబాబు గొంతు. "పప్పేనా భాయ్?"

"పప్పే."

"అయితే ఇంకొకటి రానీ. నేను ఉన్నలే."

నేను గుమ్మంలోనే నిలబడ్డాను. మానవపాడు గుడారంలో ఒకడు, ఇక్కడ పొయ్యి ముందు ఒకడు, మధ్యలో ఒక కుక్కర్. మూడో కూత నాకు వినిపించింది. నోటిదాకా వచ్చిన "మూడు" ఆపుకుని, యేసుబాబు చెప్పేదాకా ఆగాను.