వోల్టేజీ బాగున్న రోజు

వేడెక్కిన గాజు మీద దుమ్ము మాడే వాసన ఒకటి ఉంటుంది. ప్రీయాంప్లిఫైయర్ స్విచ్ వేసిన కాసేపటికి, లోపల బల్బుల్లాంటి రెండు గాజు వాల్వుల్లో దారమంత ఎరుపు లేచేటప్పుడు ఆ వాసన వస్తుంది. రాగానే నా మనసు పోయినవాటిని లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. బత్తలపల్లె దారిలో మా ట్రాన్స్‌ఫార్మరు కింద నాలుగు బోర్లు ఉండేవి, నాలుగూ పోయాయి. మా ఎద్దుల జత పోయింది. వేరుశనగ కాయలు ఒలిచే మిల్లు పోయింది, దాంతోపాటు నా లెక్కల ఉద్యోగమూ పోయింది. చివరికి ఆ మిల్లు యజమాని ఓబుళరెడ్డిగారూ పోయారు. ఈ ప్రీయాంప్లిఫైయర్ పెట్టెను ఆయన భార్య మా ఇంటికి పంపించింది. దీన్ని ముట్టుకోవడం తెలిసినదాన్ని నేనొక్కదాన్నేనట.

నేను పదో తరగతి తప్పాను. వడ్డీలూ శాతాలూ సొంతంగా నేర్చుకున్నాను. తొంభైల చివర్లో రెడ్డిగారు నన్ను మిల్లులో లెక్కలకు పెట్టుకున్నప్పుడు నాకు అంకె మీద ఉన్న నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. ఆయన చేను మా చేను పక్కదే. మధ్యాహ్నం మిల్లు ఆపి, ఒంటి మీది పొట్టు దులుపుకుని, ఇంటి ముందు గదిలో వీణ రికార్డు పెట్టుకునేవారు. రికార్డు గాడిలో సూది నడిస్తే పుట్టేది చీమ చప్పుడంత. దాన్ని పెంచి పెద్ద యాంప్లిఫైయర్‌కు అందించేదే ఈ పెట్టె. చేలల్లో మోటర్లు తిరిగే వేళకు మా కరెంటు నూటడెబ్బై వోల్టులకు పడిపోయేది. స్టెబిలైజరు కూడా చేతులెత్తేసేది. వాల్వుల ఎరుపు వాడిపోయి, వీణ గోనెసంచి కప్పుకుని మోగినట్టుండేది. అయినా ఆయన కళ్లు మూసుకుని వినేవారు. ఆ గదిలో కిటికీ ఎండ కూడా నేల మీద మెల్లగా జరిగేది. బయట దుమ్ము లేచి పడుతుంటే, ఊరంతా ఎక్కడికో తేలిపోతున్నట్టుండేది.

వాల్వు మార్చడం నేర్పిన రోజు ఆయన నన్ను కసిరారు. నేను స్విచ్ ఆపి, వెంటనే మూత తీయబోయాను.

"యాడికి పోతాంది ఆ చెయ్యి?"

"ఆపినా గదన్నా."

"నువ్వు ఆపినావు, అది ఆగల్యా. లోపల కెపాసిటర్లలో ఇంకా కరెంటు కూచోనుంటాది. ఒక్క దెబ్బ కొడితే మీ తిప్పేసామికి ఇంగో పెండ్లి చేయాల్సొస్తాది."

తిప్పేస్వామి నా భర్త. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. ప్లగ్గు పీకించారు. గాజు చల్లారేదాకా కూర్చోబెట్టారు. ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకుని, రెసిస్టరు కట్టిన చెక్కపుల్లను కెపాసిటరుకు తాకించి, మీటరు ముల్లు సున్నాకు దిగడం చూపించారు. ఆ తరవాతే వాల్వును మెత్తటి గుడ్డతో పట్టుకుని, అటూఇటూ తిప్పకుండా నిటారుగా పైకి లాగనిచ్చారు.

"ఆగిందని అనుకోవద్దు మా. కొలిచి చూడు."

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో వచ్చిన ఎండాకాలానికి, ఆ నాలుగు బోర్లలో రెండు ఎండిపోయాయి. మిగిలినవి రెడ్డిగారిదీ, మాదీ. నీళ్లు ఊరాలని ఆయన తన మోటరును రోజు విడిచి రోజు వేసేవారు. మా చేలో వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే దశలో ఉంది. అది చేతికి రాకపోతే తిప్పేస్వామి బెంగళూరుకు మట్టి పనికి పోవాల్సిందే.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం బెంగళూరు నుంచి కొత్త వాల్వుల జత వచ్చింది. పాతవాటి రకమే కానీ మేలైనవి, గురగుర తక్కువ. ఇద్దరం కలిసి మార్చాం. రికార్డు పెట్టాం. తీగ మీటాక దాని మీద వేలు జారే చప్పుడు కూడా వినిపించింది. ఆ నాదం ఎక్కడా చెదరకుండా గది మూలల దాకా పోయి, తిరిగి వచ్చి మా మధ్య కూర్చున్నట్టనిపించింది.

"వాల్వులంటే ఇవన్నా! పెట్టిన దుడ్లు దండగ కాల్యా," అన్నాను.

"పాతవి మళ్లా పెట్టి చూద్దాం."

"బాగుండేదాన్ని ఎందుకు కెలుకుతావన్నా?"

"మార్చి చూడకుండా కారణం చెప్పొద్దు మా."

మళ్లీ ప్లగ్గు పీకడం, మళ్లీ చల్లారడం, మళ్లీ మీటరు. పాత వాల్వులతోనూ వీణ అంతే తేటగా మోగింది. ఆయన కళ్లు తెరిచి, పెట్టె వైపు కాకుండా స్టెబిలైజరు వైపు చూశారు. లోపలికి వచ్చే కరెంటును చూపే ముల్లు రెండువందల ఇరవై దాటి ఉంది.

"మోటర్ల కరెంటు ఇచ్చే టైమే గదా ఇది?"

"అవునన్నా."

"ఈ పొద్దు నేను వేయల్యా. తిరగాల్సింది మీదొక్కటే."

మా మోటరు తిరుగుతుంటే ముల్లు అంత పైకి లేవదు. వీణ మోగుతూనే ఉంది, అంత చక్కగా అది ఎప్పుడూ మోగలేదు. ఆయన లేచి సూది ఎత్తేశారు.

అంతలోనే తిప్పేస్వామి సైకిలు తోసుకుంటూ వచ్చాడు. "బోరు గాలి కక్కుతాంది. మోటరు కాలిపోతాదని ఆపేసినా," అని నాతో చెప్పి అరుగు మీద కూలబడ్డాడు.

"మీకాడ పైపులు ఎన్నుండాయప్పా?" అన్నారు రెడ్డిగారు. "రేపు నా మోటరు వేస్తా. మీ చేనికి తిప్పుకోండి."

"మరి నీ మల్బరీ అన్నా? మేత లేకుంటే పట్టుపురుగులు సచ్చిపోతాయి గదా," అన్నాడు తిప్పేస్వామి.

"పురుగులను ఎవురికన్నా ఇచ్చేస్తాలే. ఆకు మళ్లా వస్తాది. నీ కాయ మళ్లా వస్తాదా?"

చేనంతా నానేలా ఒకసారి పారిస్తే దాన్ని మా వైపు ఒక తడి అంటారు. ఆయన బోరు నుంచి మా చేనికి అలా మూడు తడులు పారాయి. పంట నిండుగా రాలేదు కానీ వచ్చింది. తిప్పేస్వామి ఊరు విడిచిపోలేదు. నూర్పిడి అయ్యాక నీళ్లకు లెక్కకట్టి డబ్బు తీసుకెళితే రెడ్డిగారు ముట్టలేదు.

"ఏమప్పా, నీళ్లు తీసుకొని దుడ్లు ఇస్తారా? మీ బోరులో నీళ్లు పలికినప్పుడు నా చేనికి తిప్పండి."

మరుసటి ఎండాకాలం ఆయన బోరూ ఎండిపోయింది. మా కొత్త బోరు పలికేసరికి ఆయన లేరు. ఆయన కొడుకులు చేనును సోలార్ కంపెనీకి కౌలుకిచ్చారు. అక్కడిప్పుడు వరసగా సౌరఫలకాలు నిలబడి ఉన్నాయి, కాలువ తీయడానికి మడి లేదు.

ఇప్పుడు మా ఊళ్లో వోల్టేజీ చాలావరకు బాగానే ఉంటుంది. పాట మరీ తేటగా వినిపిస్తే మాత్రం నేను కుదురుగా కూర్చోలేను. సూది ఎత్తి, గట్టు దాకా నడిచి, ఎవరి చేలో నీళ్లు పారడం లేదో చూసి వస్తాను. రెడ్డిగారికి మేమింకా మూడు తడుల నీళ్లు బాకీ.