బెల్లం నోటితో మందు రుచి

మా కొట్లోని బెల్లం దిమ్మ మీద చెయ్యి వేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. నాలుకను నమ్ముకున్నవాడు ముక్కును ఎలా ముంచుతాడో వినండి.

చెరకు పూతకొచ్చే రోజుల్లో, అనకాపల్లి బెల్లం మార్కెట్‌కి నాకన్నా ముందు నా తుమ్ము చేరేది. నాకు పుప్పొడి పడదు. ఇక్కడ తుమ్మితే కశింకోటలో ఈగలు లేచేవి. బెల్లం వేలంపాట మధ్యలో ఒంటి తుమ్ము పడితే, అపశకునమని కొనేవాళ్ళు వెనక్కి తగ్గేవారు.

"ఈ మనిసిని బయటికి తోలండర్రా! ధర పెరిగే ఏళకి తుమ్ముతాడేటి?" అని రైతులు మొత్తుకునేవారు.

చివరికి మార్కెట్ పెద్దలు, "ఈ ఏడాదిలో ముక్కు బాగు చేయించుకో. లేదంటే గేటు బయటే ఉండు," అనేశారు. తుమ్మితే ఊడే ముక్కు ఎన్నాళ్ళుంటుందని సామెత. నా ముక్కు గట్టిదే, తుమ్మితే ఊడేది వ్యాపారం.

అప్పుడే విశాఖలో ఒక ఆసుపత్రివాళ్ళు కొత్త మందు పరీక్ష పెట్టారు. పడని పుప్పొడినే చుక్కల మందుగా చేసి రోజూ నాలుక కింద వేసుకుంటే, ఒంటికి అలవాటై తుమ్ములు తగ్గుతాయట. నేనూ, నాలాగే తుమ్మే మా ఆవిడ అన్నగారూ చేరాం. నాకు బావ, ఆయనకి కశింకోటలో కిరాణా కొట్టు.

డాక్టరమ్మ చెరో సీసా ఇచ్చింది. "కొందరికి మందు, కొందరికి ఉత్త చుక్కలు. ఎవరికేదో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఆఖర్న ముక్కులో పుప్పొడి ఊది తుమ్ములు లెక్కపెడతాం."

తెలియదా! బెల్లం పలుకు నోట్లో వేసుకుని ఏ ఊరి చెరకో చెప్పేవాణ్ణి, నాకు తెలియదా!

మార్కెట్లో దిమ్మల రుచి చూస్తూనే నా చుక్కలు వేసుకున్నాను. చప్పన! మర్నాడు పొద్దున్నే బావ ఇంట్లో, పళ్ళు తోముకున్న నోటితో, ఆయన చుక్క వేసుకున్నాను. తీపి!

"బావా, నాది నీళ్ళు, నీది మందు. మార్చీసుకుందాం."

"మరి నా తుమ్ములో?"

"కొట్లో తుమ్మితే ఏటవుద్ది? బేరాలు పారిపోతాయేటి?"

"బేరాలు పోవు. మినప్పప్పు ఎగిరిపోద్ది."

"మాడుగుల హల్వా తెచ్చేను."

"ఆ ముక్క ముందు సెప్పవేం? పట్టుకుపో!"

ఆఖరి పరీక్ష రోజు వచ్చింది. పుప్పొడి ఊదితే బావ మీసం తుడుచుకుని, "అయిపోయిందా?" అన్నాడు. నా తుమ్ముకి డాక్టరమ్మ కళ్ళజోడు నర్సమ్మ ముక్కు మీదికి చేరింది.

అందరి పరీక్షలూ ముగిసి గుట్టు విప్పాక, డాక్టరమ్మ నన్నొక్కణ్ణే పిలిచింది. "మీకిచ్చింది మందు. ఆయనకిచ్చింది ఉత్త చుక్కలు. ఇదెలా తిరగబడింది?"

"రుచి చూసేనండి. నాది చప్పన, ఆయనది తీపి."

"నాలుకకి దొరక్కూడదనే రెండూ ఒకే తీపిగా చేశాం. మీది వేసుకునే ముందు ఏం తిన్నారు?"

"...బెల్లమండి."

బెల్లం తిన్న నోటికి టీ చప్పనని చిన్నపిల్లలకీ తెలుసు. ఆవిడ మా ఇద్దరినీ లెక్కలోంచి కొట్టేసింది.

మళ్ళీ చెరకు పూసింది. నేను గేటు బయట. లోపల, తన కొట్టుకి సరుకు కొనడానికొచ్చిన బావ మేలురకం దిమ్మలకి ధర చెప్పాడో లేదో, నా ఒంటి తుమ్ము గేటు దూకి లోపలికెళ్ళింది. మిగతా కొనేవాళ్ళంతా చేతులు దించేశారు. పోటీ లేక సరుకు చవగ్గా బావకే దక్కింది!

బావ నవ్వుకుంటూ బయటికొచ్చాడు. "బావా, రేపూ రావాల. కుడిపక్క దిమ్మలకి ఇంకాస్త గట్టిగా తుమ్ము!"

ఇకమీదట నోరు పుక్కిలించకుండా ఏ మందు రుచీ చూడనని, మిగిలిన ఈ ముక్కు సాక్షిగా ఒట్టేస్తున్నాను.

అన్నట్టు, ఇందులో ఒక్కటే కల్పితం. హల్వా ఇచ్చి మార్చుకున్నది అబద్ధం. అది దారిలో ఆటోలోనే అయిపోయింది. బావ స్నానానికి వెళ్ళినప్పుడు సీసాలు మార్చేశాను. తన సీసా మందే తనకి పనిచేసిందని ఆయన ఇప్పటికీ డాక్టరమ్మకి దణ్ణం పెట్టుకుంటాడు. ఇది గనక చదివితే, ఈసారి నా ముక్కు తుమ్మకుండానే ఊడుతుంది.