మాయమగు సందేశములు

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో నా ఉద్యోగం. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో ఇంగ్లీషులో రాస్తాను. నేను రాసింది ఎవరూ చదవరు. చదవకుండా ఫోన్ చేసి అడుగుతారు. ఫోన్ ఎత్తినవాళ్ళూ చదివి ఉండరు కాబట్టి వచ్చి నన్ను అడుగుతారు. ఇలా కొన్నేళ్ళు గడిచాక, ఇదే పని జీతం లేకుండా కూడా చేయాలని నాకు బుద్ధి పుట్టింది.

అప్పటికి నా ఫోన్లో ఒక మెసేజీల యాప్ ఉండేది. దాని వెనక కంపెనీ ఏదీ లేదు. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి ఉచితంగా తయారుచేసి, లోపలి కోడంతా ఎవరైనా చూసుకునేలా బయట పెట్టారు. మనం పంపిన మాట అందుకున్నవాళ్ళు తప్ప మధ్యలో ఎవరూ చదవలేరు. దానికి తెలుగు సహాయం పేజీలు కూడా ఉన్నాయని తెలిసి ఆశగా తెరిచాను. "మీ ప్రజా తాళంచెవిని స్నేహితులకు బట్వాడా చేయండి" అని ఉంది. యాప్ ఆగిపోతే "దానిని బలవంతంగా చంపి తిరిగి జన్మింపజేయండి" అని ఉంది. కొంతసేపటికి వాటంతటవే చెరిగిపోయే మెసేజీల గురించి చెప్పే భాగానికి పెట్టిన పేరు "మాయమగు సందేశములు". ఇదంతా యంత్రం చేసిన అనువాదం.

బాగుచేస్తానని వాళ్ళకు రాస్తే, రమ్మన్నారు. తెలుగు బృందంలో నాతో కలిపి నలుగురం. ఒకాయన రిటైరైన తెలుగు లెక్చరర్. ఒకబ్బాయి హైదరాబాదులో ప్రోగ్రామర్, తెలుగువాళ్ళకు తెలుగు పేజీలు అనవసరమని అతని గట్టి నమ్మకం, అయినా తెలుగు బృందం వదిలి వెళ్ళడు. ఇంకొకావిడ ఎవరేమన్నా బొటనవేలి బొమ్మ పెట్టేది, ఒకదాన్నొకటి ఖండించే మాటలకు కూడా.

ముందుగా ప్రైవసీకి తెలుగు మాట కావాల్సి వచ్చింది. నేను గోప్యత అన్నాను. లెక్చరర్ గారు, గోప్యతలో దాపరికం ధ్వనిస్తోందండీ, ఆంతరంగికత సమంజసం అన్నారు. ప్రోగ్రామర్ ప్రైవసీ అనే ఉంచమన్నాడు. ఆవిడ మూడింటికీ బొటనవేలు పెట్టింది. ఈ చర్చ వారాల తరబడి నడిచింది, అదీ ప్రపంచంలో ఎవరైనా చదవగలిగే చోట. చివరికి విసుగొచ్చి, "చదివేవాళ్ళను ఒకరిని కూర్చోబెట్టి చూద్దామండీ" అన్నాను. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. పని నాదే కదా.

నాకు దొరికిన పాఠకుడు మా బాబాయి. వన్ టౌన్‌లో చేనేత చీరల హోల్‌సేల్ కొట్టు ఆయనది. పైగా ఆయనకు నిజంగానే అవసరం పడింది.

"పెడనలో మనకు చీరలు నేసిపెట్టే మేస్త్రీకి డిజైన్ ఫొటో పంపుతాను. అక్కడ చీర మగ్గం మీదుండగానే, ఇక్కడ ఎదురు కొట్టాయన అదే డిజైన్ మిల్లు బట్ట మీద ప్రింటు కొట్టించి వేలాడదీస్తున్నాడు," అన్నాడు. "ఫోన్లోంచే ఎవడో లాగుతున్నాడమ్మాయ్."

ఆయన ఫోన్లో యాప్ పెట్టి, నేను తిరగరాసిన పేజీ చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, బయట తోపుడుబండ్ల వాళ్ళకు కూడా వినిపించేలా చదవడం మొదలుపెట్టాడు.

"మెల్లగా బాబాయ్."

"నా కొట్లో నేను చదువుకోడానికి భయమేంటి? ఇదిగో, 'అవతలి వ్యక్తిని స్వయంగా కలిసి, ఇద్దరి ఫోన్లలోని అంకెలు ఒకటేనేమో సరిచూసుకోండి.' స్వయంగా కలిసేదుంటే డిజైన్ చేతికే ఇచ్చొస్తాను కదా?"

"ఒక్కసారి కలిస్తే చాలు. తర్వాత అక్కర్లేదు."

"ఆ ముక్క రాయొచ్చుగా మరి."

రాసుకున్నాను. మేస్త్రీ ఆ వారమే సరుకు తీసుకుని కొట్టుకు వచ్చాడు. మధ్యలో ఎవరూ దూరలేదని తేల్చుకోడానికి, రెండు ఫోన్లలో యాప్ చూపించే అంకెలు సరిచూశాం. కొత్త డిజైన్ ఫొటో ఒక రోజులో చెరిగిపోయేలా పెట్టి, అతనికి పంపి చూపించాను. బాబాయి మొహంలో కొంచెం దిగులు కనిపించింది.

"మాయమైపోతే ఏం చూసి నేస్తాడు?"

"చూసి కాగితం మీద గీసుకుంటాడుగా."

"గీసుకుంటాడులే," అన్నాడు, నమ్మీ నమ్మనట్టు. నేను మాత్రం చాలా గర్వంగా ఇంటికెళ్ళాను. బృందానికి ఆ సంగతి కొంత అలంకరించే రాశాను.

మరుసటి వారం ఆఫీసులో ఉండగా బాబాయి ఫోన్. "నీ యాప్ కూడా ఆ బాపతేనమ్మాయ్," అని పెట్టేశాడు. భోజనం మానుకుని ఆటోలో వన్ టౌన్ వెళ్ళాను. ఎదురు కొట్టు ముందు, మేం పంపిన డిజైన్‌లో లాగే చిలకల మధ్య తామరమొగ్గలున్న అంచుతో ప్రింటు చీర వేలాడుతోంది. ఆ కోడంతా నేనే రాసినంత సిగ్గేసింది.

మేస్త్రీకి ఫోన్ చేశాం. ఫొటో చెప్పినట్టే చెరిగిపోయింది. గీసుకున్న కాగితం మగ్గం దగ్గరే ఉంది.

"ఆ ఫొటో ఇంకెక్కడైనా ఉందా బాబాయ్?"

"ఎక్కడుంటుంది? మాయమైపోతుందన్నావని భయమేసి, ఇదివరకటి డిజైన్లలాగే దీన్నీ మన ఫ్యామిలీ గ్రూపులో పడేశాను. అక్కడైతే ఎక్కడికీ పోదు."

నేనెప్పుడూ తెరవని ఆ గ్రూపు తీసి చూపించాడు. చిలకలూ తామరమొగ్గలూ ఉన్నాయి. వాటి కింద ఆయన రాసిన మాట: "ఇది అతి రహస్యం. ఎవరికీ పంపవద్దు." దాని కింద దణ్ణాలు, ఎవరో పెట్టిన శుభోదయం గులాబీలు, ఆ తర్వాత "డిజైన్ అదిరింది బావగారూ" అని ఎదురు కొట్టాయన మెచ్చుకోలు.

"ఆయన మన గ్రూపులో ఉన్నాడా?"

"ఉండకపోతే ఎలాగమ్మా. మీ పిన్నికి పెదనాన్న కొడుకు. తీసేస్తే మీ పిన్ని నాకు అన్నం పెడుతుందా?"

ఫోన్ ఆయన చేతికి తిరిగిచ్చాను.

"తప్పు యాప్‌ది కాదు బాబాయ్," అన్నాను.

"నాదీ కాదు. మాయమవుతుందని రాశారు. పోతుందేమోనని భయపడేవాడు ఏం చెయ్యకూడదో ఎక్కడన్నా రాశారా?"

నిజమే, రాయలేదు. కోపం వచ్చింది గానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఆ సాయంత్రం భవానీపురంలో ఇంటికి చేరగానే కూర్చుని రాశాను: "మీ మెసేజీని దారిలో కాపాడటం వరకే ఈ యాప్ పని. చేరాక కాపాడుకోవాల్సింది మీరూ, అందుకున్నవాళ్ళూ. చెరిగిపోతుందన్న భయంతో కాపీ తీసి ఇంకో గ్రూపులో పెట్టకండి. చుట్టాల గ్రూపులో పెట్టింది రహస్యం కాదు."

చుట్టాలు అన్న మాట సాంకేతిక రచనకు నప్పదండీ, బంధుమిత్రాదులు అనండి, అన్నారు లెక్చరర్ గారు. చుట్టాలు సాఫ్ట్‌వేర్‌లో భాగం కాదు కాబట్టి పేరాయే తీసేయమన్నాడు ప్రోగ్రామర్. అప్పుడు ఆవిడ మొదటిసారి బొటనవేలు మాని ఒక వాక్యం రాసింది: "మా ఆడపడుచు సంబంధం సంగతి ఇలాగే బయటపడిందండీ. ఉంచండి." పేరా ఉండిపోయింది.

బాబాయి ఇప్పుడు డిజైన్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కి పెడన వెళ్ళొస్తున్నాడు. ఎదురు కొట్టాయనతో మాటలేమీ పోలేదు. పెళ్ళిళ్ళలో పక్క పక్కనే కూర్చుని భోంచేస్తారు.

కొన్నాళ్ళకు గుడివాడ నుంచి ఒకావిడ బృందానికి ఉత్తరం పంపింది. మా పేజీ చదివి, బాగా ఆలోచించి, తన కుటుంబ గ్రూపులోంచి బయటికి వచ్చేసిందట. ఆనాటి నుంచి మేనత్తలూ పెద్దమ్మలూ ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి, తమ వల్ల ఏం తప్పు జరిగిందని ఏడుస్తున్నారట. వాళ్ళకేం చెప్పాలో ఏ పేజీలో ఉందండీ అని అడిగింది. అలాంటి పేజీ మా దగ్గర లేదండీ, క్షమించండి అని జవాబు రాశాను.