చైనా అవ్వ చేసిన జావ

మేముండే గల్ఫ్ నగరంలో మా తెలుగు సంఘం శుక్రవారం పొద్దున రువి అనే పేటలోని చర్చి ప్రాంగణంలో ఒక హాల్లో కూడుకుంటుంది. మేం ఆరాధన ముగించి కుర్చీలు సర్దే వేళకు చైనావాళ్లు వస్తారు, వాళ్లదీ అదే హాలు. చాలాకాలం మా మధ్య చిరునవ్వులే తప్ప మాటల్లేవు.

ఒకరోజు వాళ్ల సంఘాన్ని నడిపే అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని మా దగ్గరికొచ్చింది. ఇక్కడో చైనా కంపెనీలో ఇంజనీరు. ఒకప్పుడు బయటివాళ్లు తమ దేశానికొచ్చి సువార్త చెప్పారని, ఇప్పుడు తమ యువతే ఇతరుల మధ్య సేవ చేయాలనుకుంటోందని ఇంగ్లీషులో వివరించింది. అందుకోసం ఆన్‌లైన్ పాఠాలు కూడా వింటోందట. మీవాళ్ల గురించి ఒక క్లాసు చెబుతారా అని అడిగింది. మా సంఘపెద్ద నన్ను చూపించి, సాయంత్రం ఈమె మావాళ్లను చూడటానికి ఆసుపత్రికి వెళ్తుంది, తోడు వెళ్లమ్మా అన్నారు. అమ్మాయి తటపటాయించింది. కూతుర్ని చూడటానికి పల్లె నుంచి వచ్చిన వాళ్లమ్మ మాత్రం సంగతి తెలియగానే లేచి, ఇంటికెళ్లి రోగికి ఏదైనా వండాలంది.

సాయంత్రం ముగ్గురం కలిసి వెళ్లాం. నేను చూడబోయే మనిషిది నిజామాబాద్ వైపు. బిల్డింగ్ సైట్‌లో పైనుంచి పడి కాలు విరిగి, పిండికట్టుతో మంచంమీద ఉన్నాడు. అతను హిందువు. మేం మతం మాట్లాడటానికి వెళ్లం, పలకరించడానికే వెళ్తాం. పెద్దావిడ పక్కన కూర్చుని, గిన్నెలో బియ్యం జావ పోసి చేతికిచ్చింది. రెండు చెంచాలు తాగి అతను నా వైపు తిరిగాడు.

“అక్కా, ఈ అవ్వకు జెర ఉప్పు ఏసుడు నేర్పుండ్రి.”

రూమ్మేట్ తెచ్చిన మామిడికాయ తొక్కు కలుపుకుని, ఆవిడకూ కొంచెం వేసిచ్చాడు. ఆవిడ తిన్నది. కళ్లల్లోంచి నీళ్లు కారాయి, ముక్కు ఎర్రబడింది. కంగారుగా నీళ్లు అందించబోతే, ఆవిడ మళ్లీ గిన్నె చాపింది. వార్డంతా నవ్వులే.

వచ్చేముందు ఆవిడ ప్రార్థన చేయవచ్చా అని కూతురిచేత అడిగించింది. వాళ్ల పల్లెలో అందరూ ఒకేసారి గొంతెత్తి ప్రార్థిస్తారట. కాస్త మెల్లగా అని కూతురు చెయ్యి నొక్కింది. అదంతా నేను తెలుగులో చెప్పగానే అతను నవ్వాడు. “చెయ్యనియ్యుండ్రి. మా ఇంట్ల గూడ అందరం ఒక్కసారే మాట్లాడ్తం.” ఆవిడ గొంతు విని వచ్చిన నర్సు తలుపు దగ్గరే నిలబడిపోయింది.

తిరుగుదారిలో అమ్మాయి చాలాసేపు మాట్లాడింది. అమ్మ సంఘంలో ఇప్పుడు మిగిలింది ముసలివాళ్లేనట, పిల్లలంతా పట్నాలకు వెళ్లిపోయారు. తను చదివిన నగరంలో సంఘం అపార్ట్‌మెంట్‌లో కూడేది. అక్కడ గిటారు, కాఫీ, చర్చలు. “మేం సేవ గురించి చాలా చదివాం. అమ్మకు ఆ మాటే తెలియదు, ఆకలి అయితే తెలుసు,” అంది. వెనకసీట్లో వాళ్లమ్మ హాయిగా నిద్రపోతోంది.

వీసా గడువు అయ్యాక పెద్దావిడ వెళ్లిపోయింది. అమ్మాయి మాత్రం వారం వారం ఆసుపత్రికి వస్తూనే ఉంది, ఈమధ్య స్నేహితులను ఇద్దరిని కూడా వెంటబెట్టుకొస్తోంది. రోగుల దగ్గరే తెలుగు నేర్చుకుంది. మొన్న నేను ఒకాయన్ని “నొప్పి ఎలా ఉందండీ?” అని అడిగితే, నా భుజం తట్టి సరిదిద్దింది.

“ఎట్లున్నది అనాలె, అక్కా.”

నేను గుంటూరుదాన్నని ఆ అమ్మాయికి ఇంకా చెప్పలేదు.