మేకల తాత బోర్డు

ఇది ఎప్పుడో రాయాల్సింది, అక్షరాలు రాక రాయలేదు. ఆ రోజుల్లో మార్కాపురంలో మా ఈడు ఆడపిల్లలందరి చేతుల్లోనూ పలక ఉండేది, కాకపోతే అరగదీసి నునుపు చేయడానికి. (నేను నునుపు చేసిన పలకల మీద ఎందరు అ ఆలు దిద్దారో. నాకు మాత్రం ఈ మధ్యే మా కోడలు దిద్దించింది.)

పలకల పని తగ్గాక, ఊరి బయట యూనివర్సిటీ బిల్డింగు కడుతుంటే తట్టలు మోయడానికి చేరాను. ఆ స్థలం మేకల తాతది. మేకలు మేపుకునే బీడంతా పిల్లల చదువుకని రాసిచ్చాడు (ఆయనదీ వేలిముద్రే), అందుకని దానికి ఆయన పేరు పెట్టారు. అప్పటిదాకా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు. ప్రారంభం రోజు పొద్దున్నే ఊడుస్తుంటే తలుపు మీద పేరు బోర్డు, లోపల గోడకు పెద్ద ఫోటో కనిపించాయి. బతికున్న మనిషి పేరు బిల్డింగుకు ఎవరు పెడతారు? పాపం, ఎప్పుడు పోయాడో అనుకుని ఫోటోకు బొట్టు పెట్టి, గుమ్మానికని తెచ్చిన బంతిపూల దండ వేసి, దీపం ముట్టించి, మర్యాదగా ఉంటుందని కాస్త ఏడ్చాను కూడా.

వెనక ఎవరో దగ్గారు.

"ఎవురికోసమమ్మీ ఏడుస్తుండావు?"

"ఈ తాత పోయినాడు పెద్దాయనా."

"అట్లనా? నాకెవురూ చెప్పలేదే," అన్నాడు ఫోటోలోని మనిషి, చేతికర్ర మీద ఆనుకుని.

మేస్త్రీ పరిగెత్తుకొచ్చి, "రేపట్నుంచి పనికి రావాకు," అన్నాడు. తాత అడ్డం పడ్డాడు.

"ఉండనీప్పా. మా ఇంట్లోవాళ్ళు ఏడుస్తారో లేదో, ఈ బిడ్డ ముందే ఏడ్చింది." నా వైపు తిరిగాడు. "అమ్మీ, ఆ బోర్డు మీద ఉండేది నా పేరేనంట. ఇంకొకరిది రాసినా నాకు తెలుస్తాదా? నువ్వు చదివి చెప్పు."

"నాకు రాదు తాతా."

"నేర్చుకో. చదివి చెప్పినాక వేద్దువులే దండ. అందాక తీసెయ్."

తీసేశాను. పని కూడా నిలిచింది. తర్వాత ఎక్కడ ఎదురుపడినా "చదువు వచ్చిందా?" అనేవాడు. "ఇంకా లేదు తాతా" అంటే, "మంచిదేలే, అందాక బతుకుతా," అని నవ్వేవాడు. పెళ్ళి, పిల్లలు, కూలి పనుల్లో పడి నేను నేర్చుకోనే లేదు. ఆయన మాత్రం ఎన్నాళ్ళు ఆగుతాడు?

మొన్న పేపర్లో ఒక వార్త మొదటి నుంచి చివరిదాకా చదివి కోడలికి వినిపించాను. మరునాడు పొద్దున్నే బంతిపూల దండ కట్టి తీసుకుని ఆ బిల్డింగు దగ్గరికి వెళ్ళాను. తలెత్తి బోర్డు మీద ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. ఇంటిపేరు దగ్గర కాస్త తడబడ్డాను. (ఒత్తులు ఇప్పటికీ నన్ను ఏడిపిస్తాయి.)

"నీ పేరే తాతా, ఇంకెవురిదీ కాదు," అని చెప్పి ఫోటోకు దండ వేశాను. వేశాక కాసేపు అలాగే నిలబడ్డాను. వెనక ఎవరూ దగ్గలేదు.