ఖాళీగా వదిలిన గడి

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని ఇంట్లో అందరూ అంటారు. ఆ కోపం ముందు కంప్యూటర్ మీదికి పోతుంది, మిగిలింది దాని ముందు కూర్చునేవాళ్ళ మీదికి. కళ్యాణదుర్గం పక్క ఒక చిన్న ఆఫీసు ఉంది, పేరెందుకులెండి. వాళ్ళ పాత జనన రిజిస్టర్లలో వెతికే ప్రోగ్రామ్ రాసిచ్చినప్పుడు మాత్రం ఆ కోపమంతా తిరిగి నా మీదికే వచ్చింది.

స్క్రీన్ మీద ఐదు గళ్ళు. బిడ్డ పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ. మొదట ఐదూ కలిస్తేనే మనిషి దొరికేట్టు రాశాను. అది బెంగళూరులో నేర్చుకున్న బుద్ధి. మా పక్క పుట్టిన రోజే పేరు ఎవరు పెడతారు? రిజిస్టరులో పేరుండాల్సిన చోట ‘ఆడ శిశువు’ అనో ‘మగ శిశువు’ అనో ఉంటుంది. తేదీ అడిగితే, "చెనిక్కాయ పీకే దినాల్లో సార్, ఆ ఏడు వాన పడలే" అని వేరుశనగ కోతల లెక్క చెబుతారు. ఇక్కడ వాన పడని ఏడంటే ఏదని వెతకాలి?

అందుకని మళ్ళీ రాశాను. క్వెరీ అంటే డేటాబేస్‌ను మనం అడిగే ప్రశ్న. దాన్ని ముందే పూర్తిగా రాసిపెట్టకుండా, ఏ గడి నింపితే ఆ షరతు మాత్రమే చివర తగిలించుకుంటూ పోయేట్టు చేశాను. దీనికో చిన్న కిటుకుంది. మొదటి షరతుగా ‘ఒకటి ఒకటికి సమానం’ అని రాస్తాం. అది ఎప్పుడూ నిజమే కాబట్టి ఎవర్నీ అడ్డుకోదు, తర్వాత వచ్చేవాటిని ‘మరియు’ అంటూ కలుపుకుంటూ పోవచ్చు. ఏమీ నింపకపోతే రిజిస్టరంతా వచ్చి మీద పడుతుంది గనక, కనీసం రెండు గళ్ళయినా నింపాలని ఒక అడ్డు పెట్టాను.

ఇంట్లో భేషుగ్గా పనిచేసింది. ఆఫీసు నుంచి మాత్రం గుమాస్తా ఫోన్ మీద ఫోన్. "ఏమప్పా, నీ ప్రోగ్రాము ఎవుర్ని అడిగినా లేరనే అంటాండాది." మీరే సరిగ్గా కొట్టడం లేదన్నా అని రెండుసార్లు విసుక్కున్నాను. మూడో ఫోన్‌కి బస్సెక్కాను.

నేను పోయేసరికి కౌంటర్ ముందు ఒక తల్లీ కూతురూ నిలబడి ఉన్నారు. బెళుగుప్ప వైపు పల్లె వాళ్ళది. తల్లి కూలికి పోతుంది. కూతురికి నర్సింగ్ సీటొచ్చింది. శుక్రవారం లోపల జనన ధ్రువపత్రం ఇవ్వకపోతే ఆ సీటు వేరేవాళ్ళకు పోతుంది. ఆ రోజు బుధవారం. వాళ్ళు రావడం అది మూడోసారి. రెండుసార్లూ ‘రికార్డు లేదు’ అని వెనక్కి పంపింది నా స్క్రీనే. ఆ సంగతి విన్నాక గుమాస్తా వెనక నిలబడి స్క్రీన్ చూడసాగాను.

గుమాస్తా మళ్ళీ మొదలుపెట్టాడు. తల్లి పేరు కొట్టాడు, ఊరు కొట్టాడు. "మొగుని పేరు?" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "చెప్పేకి సిగ్గా? మా ఇంట్లో ఆడోళ్ళూ ఇంతే. పాపా, నువ్వు చెప్పు" అని నవ్వాడు.

"నాకు తెలీదు సార్. బళ్ళో మా తాత పేరే రాపిచ్చినారు" అంది పాప.

"సిగ్గు గాదు సార్" అంది తల్లి. "ఈ పాప కడుపులో ఉండంగనే ఇడిసిపెట్టి పోయినాడు. ఆ పేరు నా నోట పలకనని ఆ పొద్దే ఒట్టు పెట్టుకున్యా. దీనికీ చెప్పలే."

వరసలో ఉన్నవాళ్ళంతా ఆమెనే చూస్తున్నారు. గుమాస్తా నవ్వు ఆపేశాడు. ఇంకేమీ అడగకుండా తండ్రి పేరు గడిలో ఒక చుక్క పెట్టాడు. బిడ్డ పేరు దగ్గర ఇంకో చుక్క, తేదీ దగ్గర ఇంకోటి. రికార్డు లేదు.

"అన్నా, ఆ చుక్కలు ఏంటికన్నా?" అని అరిచినంత పని చేశాను.

"యాడన్నా ఖాళీ ఇడిస్తే ముందుకు పోదు గదప్పా."

నాకు ముందు వాళ్ళు వాడిన పాత ప్రోగ్రామ్ అలా ఉండేదట. ఒక్క గడి ఖాళీగా ఉన్నా కదిలేది కాదు. అందుకని ఆఫీసంతా తెలియని చోట చుక్క పెట్టడం అలవాటు చేసుకుంది. కొత్తగా చేరినవాళ్ళకు మొదట నేర్పేది కూడా అదేనట. నా ప్రోగ్రామ్ ఖాళీ గడిని వదిలేస్తుంది గానీ, చుక్క ఖాళీ కాదు కదా. తండ్రి పేరు చుక్క అయిన బిడ్డ కోసం అది బుద్ధిగా రిజిస్టరంతా గాలించి, లేదని చెబుతోంది. తప్పు గుమాస్తాది కాదు. ఆయన చేతులు ఎలా పనిచేస్తాయో ఒక్క పూటైనా చూడకుండా ఇంట్లో కూర్చుని రాసినవాణ్ణి నేను. చాలా సిగ్గేసింది.

అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి, చుక్కో గీతో తప్ప ఇంకేమీ లేని గడిని ఖాళీ కిందే లెక్కపెట్టమని రెండు వరసలు రాశాను. ఈసారి తల్లి పేరూ ఊరూ మాత్రమే షరతులయ్యాయి. మూడు నమోదులొచ్చాయి. రెండు మగ శిశువులు. మూడోది ఆడ శిశువు, పద్దెనిమిదేళ్ళ కిందటిది.

"ఆ పొద్దు వచ్చి రాపిచ్చిందెవరమ్మా?" అన్నాడు గుమాస్తా.

"మా నాయన" అని ఆయన పేరు చెప్పింది.

రిజిస్టరులో పుట్టుక సంగతి తెలిపినవారి పేరు దగ్గర ఆ తాత పేరే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. గుమాస్తా బిడ్డ పేరు చేర్చే ఫారం తనే నింపి, సంతకం కోసం లోపలికి తనే పరుగెత్తాడు.

ప్రింటర్ లోంచి కాగితం వస్తుంటే గాని నాకు తట్టలేదు. ఏం చెప్పి వెతకాలో ఆమె ఇష్టానికి వదిలాను. దొరికాక ఏం కనిపిస్తుందో మాత్రం ఆమెకు చెప్పలేదు. పత్రంలో అన్ని గళ్ళూ ఉంటాయి, ఆనాడు తాత చెప్పిన తండ్రి పేరుతో సహా. దాన్ని తీసెయ్యడం నా చేతిలోనూ లేదు, గుమాస్తా చేతిలోనూ లేదు. తల్లికి చదువు రాదు.

పాప కాగితం అందుకుని చదివింది. మధ్యలో ఒకచోట ఆమె చూపు ఆగిపోయింది. నేను తల తిప్పుకున్నాను.

"ఏం రాసినారు పాపా?" అని తల్లి అడిగింది.

పాప కాగితాన్ని జాగ్రత్తగా రెండు మడతలు పెట్టి సంచిలో పెట్టుకుంది.

"నీ పేరు, నా పేరు, మన ఊరి పేరు" అంది. "అంతే మా. పోదాం పా, బస్సుకు టైమయితాండాది."